వృద్ధాశ్రమములు: “వచ్చును” కాదు, “వలెను”

వృద్ధులను దిక్కులేక విడిచినవారు మూడు మాసములవరకు కారాగారశిక్షకు పాత్రులని 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము 24వ సెక్షను చెప్పుచున్నది. మంచిదే. కాని ప్రభుత్వము జిల్లాకొక ఆశ్రమమైనను స్థాపింప “వచ్చును”, ప్రమాణములు నిర్ణయింప “వచ్చును” అని మాత్రమే 19వ సెక్షను పలుకుచున్నది! బిడ్డలకు శిక్ష, ప్రభుత్వమునకు ఇచ్ఛ: ఇదెక్కడి న్యాయము?

ఆశ్రమము మంచిచెడ్డలు గోడల సున్నములో లేవు, దాతల శిలాఫలకములలో లేవు. మంచముపట్టిన ముదుసలి వీపు చూడుడు. పడకపుండ్లున్నచో వేళకు ప్రక్క మార్చువారు లేరేమోయని నిలదీయుడు. అర్ధరాత్రి పిలిచినచో పలుకువారెందరో, నిప్పంటుకొన్నచో నడవలేనివారిని మోయువారెవరో అడుగుడు.

చెప్పి రాని తనిఖీని విధిగా జరిపి, ఫలితమును ఆశ్రమద్వారమున అంటింపవలెనని మేము కోరుచున్నాము. శాసనకర్తలారా, ఆ “వచ్చును”ను “వలెను”గా దిద్దుడు!