భారతదేశంలో బ్రాడ్‌బ్యాండ్ అసమానత

భారతదేశంలో బ్రాడ్‌బ్యాండ్ అసమానత అనగా వేగవంతమైన అంతర్జాల సౌకర్యం ఆదాయాన్ని బట్టి, నివసించే చోటును బట్టి కొందరికి అంది, కొందరికి అందకపోవడం. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్ని కనీస ప్రమాణంగా నిర్ణయించింది. ఈ హద్దు 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. నిర్వచనం మారినంత సులువుగా పేదల ఇళ్ళకు తీగ రాలేదు.

గణాంకాలు

జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం అంతర్జాల సౌకర్యం గల కుటుంబాలు గ్రామాలలో 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం. ఆదాయం వలన ఏర్పడిన తేడా ఇంకా పెద్దది. అత్యంత పేదలైన ఐదవ వంతు కుటుంబాలలో 8.9 శాతానికి, సంపన్నులైన ఐదవ వంతులో 50.5 శాతానికి ఈ సౌకర్యం ఉంది.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత మొబైల్ డేటా చౌక అయింది. 2024 చివరికి దేశంలోని బ్రాడ్‌బ్యాండ్ చందాలు సుమారు 94 కోట్లకు చేరాయి. అయితే వీటిలో తీగ ద్వారా అందేవి 4 కోట్లు మాత్రమే అన్నది గమనార్హం. సెల్‌ఫోను కనెక్షన్ మనిషిది, తీగ కనెక్షన్ ఇంటిది. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉన్నచోట తండ్రి పనికి వెళ్ళగానే అంతర్జాలం కూడా ఆయన వెంట వెళ్ళిపోతుంది. పిల్లల చదువు ఆయన తిరిగి వచ్చేదాకా ఆగాలి. పైగా 2024 జూలైలో ప్రధాన కంపెనీలు రీచార్జి ధరలు పెంచాయి.

2020లో కోవిడ్ వలన బడులు మూతపడినపుడు ఈ లోటు బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రారంభించింది. హైదరాబాదు వంటి సాంకేతిక కేంద్రం ఉన్న రాష్ట్రంలోనూ టీవీని ఆశ్రయించవలసి రావడం పరిస్థితికి అద్దం పడుతుంది.

ప్రభుత్వ పథకాలు

రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. దీని తరువాతి పేరు భారత్‌నెట్. ఖర్చు టెలికాం కంపెనీల ఆదాయంపై విధించే సుంకంతో ఏర్పడిన సార్వత్రిక సేవా నిధిది. గడువులు పలుమార్లు దాటాయి. అసలు చిక్కు వేరొకచోట ఉంది: తీగ పంచాయతీ కార్యాలయం వరకు వస్తుంది, అక్కడి నుండి వాడలోని ఇంటికి ఎవరు తేవాలి? కొద్దిపాటి చందాలు వచ్చే వాడకు తీగ లాగడం ప్రైవేటు సంస్థకు గిట్టుబాటు కాదు. నగరాల మురికివాడలలోనూ ఇదే లెక్క. అద్దె ఇల్లు, చిరునామా పత్రం లేకపోవడం అక్కడ అదనపు అడ్డంకులు.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2017 డిసెంబరు 27న ప్రారంభమైన ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాలపై తీగలు లాగి తవ్వకం ఖర్చు తప్పించింది. నెలకు 149 రూపాయలకే అంతర్జాలం, టీవీ, ఫోను ఇస్తామన్నారు. తరువాత ఆ ధర పెరిగింది. కేరళ 2023 జూన్ 5న ప్రారంభించిన కె-ఫోన్ 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యంగా పెట్టుకొంది. తొలి విడతకు ఒక్కొక్క శాసనసభ నియోజకవర్గంలో 100 చొప్పున 14,000 ఇళ్ళను నిర్ణయించారు.