చెలమ దగ్గర కెమెరా

డెంకణికోట నుంచి అంచెట్టి దాటి అడవిలోకి పోతే దొడ్డహళ్ళ కనిపిస్తుంది. వానలప్పుడు కావేరిలో కలిసే ఈ ఏరు ఎండలు ముదిరేసరికి ఉత్త ఇసుక బాట. అటూ ఇటూ మాత్రం తెల్లమద్దులు పచ్చగానే ఉంటాయి. కెమెరా భుజాన వేసుకుని ఆ ఇసుకలో ఒక్కరే నడవాలని బెంగళూరు కుర్రాళ్ళు ఎందుకు ఉబలాటపడతారో నాకు తెలుసు. రాత్రి ఎవరు నడిచారో ఇసుక చెప్పేస్తుంది. ఎలుగుబంటి వెనక పాదం మనిషి పాదంలా పడుతుంది. చిరుత అడుగులో గోళ్ళ గుర్తులుండవు. ఏనుగుదైతే చాటంత గుండ్రటి ముద్ర.

ఆ ముద్రల వెంట పోతే చెలమ వస్తుంది. ఏనుగు కాలితో ఇసుక తవ్వి, తొండంతో తోడిపోసి, ఊట తేరేదాకా ఆగి తాగుతుంది. దానికి రోజుకు నూరు లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. అది తాగి వెళ్ళాక దుప్పులు, పందులు, నెమళ్ళు అదే గుంట దగ్గరికి చేరతాయి. అడవికి దప్పికయ్యేది పొద్దు వాలుతున్నప్పుడూ, తెల్లవారుతున్నప్పుడూ. ఫోటోకు మంచి వెలుగు ఉండేదీ అప్పుడే. నా బాధంతా ఇక్కడే. మాటున కూర్చున్న మనిషి వాసన గాలికి తగిలితే పిల్లలతో వచ్చిన ఏనుగుల గుంపు తాగకుండానే తిరిగిపోతుంది. అది ఊరి చెరువు వైపు మళ్ళితే ఎదురుపడేది ఫోటో తీసినవాడికి కాదు, చేను కాపలాకు పోయిన రైతుకు.

ఒంటరి నడకను సాహసమనేవాళ్ళు వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ పేరెత్తుతారు. జవళగిరి ఆడపులి, డెంకణికోట పక్కనున్న శివనిపల్లి నల్ల చిరుత ఆయన పుస్తకాల్లోవే. కానీ ఆయన వెంట అడుగుజాడలు చదివే బైర ఉండేవాడన్న సంగతి ఆ కథలు చదివినవారే మరిచిపోతారు. పైగా ఇప్పుడీ అడవి అభయారణ్యం. కావేరి ఉత్తర అభయారణ్యాన్ని 2014లో 504 చదరపు కిలోమీటర్లతో ప్రకటించారు. 2022లో దానికి తోడుగా దక్షిణ అభయారణ్యం వచ్చింది. లోపలికి పోవడానికీ, ఫోటోలు తీయడానికీ అనుమతి ఉండాలని 1972 నాటి వన్యప్రాణి చట్టమే చెబుతోంది.

అనుమతి తీసుకుని, అడవి తెలిసిన స్థానికుణ్ణి తోడు పెట్టుకుని, పొద్దెక్కాక రండి. తలెత్తి చూడండి. ఒడ్డు చెట్ల కొమ్మల్లో నెరిసిన ఒంటి పెద్ద ఉడుత తిరుగుతుంటుంది. దేశంలో అది మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి. పగటి జీవి కాబట్టి దాన్ని చూడటానికి ఎవరి నీళ్ళకూ అడ్డం పడక్కర్లేదు. కొమ్మ మీంచి కొమ్మకు దూకడానికి దానికి ఈ మద్దిచెట్లు ఎడం లేకుండా కలిసి ఉండాలి. ఆ వరుస ఎక్కడ తెగిందో చూపే ఫోటో ఒక్కటి తీసినా అడవికి పనికొస్తుంది. ఒక్కరే నడవాలన్న కోరికే గట్టిదైతే హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయపు గట్టు ఉంది, పక్షులూ ఉన్నాయి.

అటవీ శాఖను నేను అడిగేది ఒకటే. మార్చి నుంచి తొలి వానలు పడేదాకా సాయంత్రాలూ తెల్లవారుజాములూ ఏటి ఇసుకలోకి ఏ కెమెరాకూ అనుమతి ఇవ్వొద్దు. మా ఊరివాళ్ళ కెమెరాలకు కూడా.