బిడ్డ గడ్డకు పేరు తేలాకే కత్తి

సోమల, పుంగనూరు, మదనపల్లె, కుప్పం తల్లిదండ్రులకు, వైద్యులకు, ప్రజాప్రతినిధులకు మనవి.

బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు తల్లి చేతికి పొట్టలో గట్టిగా ఏదో తగులుతుంది. అది మూత్రపిండంలో పుట్టిన విల్మ్స్ కణితి కావచ్చు, న్యూరోబ్లాస్టోమా కావచ్చు, అసలు కేన్సరే కాకపోవచ్చు. పెద్దల కేన్సర్లను ఎక్కువగా పుట్టిన అవయవాన్ని బట్టి లెక్కిస్తారు. పిల్లల కణితులకు అది చాలదు, ఏ జాతి కణమో తేలాలి. చిక్కంతా అక్కడే. న్యూరోబ్లాస్టోమా, యూయింగ్ సార్కోమా, రాబ్డోమయోసార్కోమా, లింఫోమా మైక్రోస్కోపు కింద అక్కచెల్లెళ్లలా ఉంటాయి: చిన్న, గుండ్రటి, నీలి కణాలు. ఎంత చేయి తిరిగిన వైద్యుడైనా మామూలు స్లైడు ఒక్కటే చూసి విడదీయడం కష్టం. కండజాతి కణాన్ని డెస్మిన్, మయోజెనిన్ పరీక్షలు పట్టిస్తాయి. చాలా లింఫోమాలను సీడీ45 పట్టిస్తుంది. ఒక్కోదానికి మందు వేరు.

అందుకే మా కోరిక ఇది. పిల్లల్లో కణితి అనుమానం రాగానే, కత్తో సూదో పడకముందే, తిరుపతి స్విమ్స్‌నో, అక్కడే 2022లో మొదలైన టాటా ట్రస్టుల కేన్సర్ ఆసుపత్రినో, వేలూరు సీఎంసీనో సంప్రదించాలి. ముందే అనడానికి కారణముంది. కంటిపాపలో తెల్లటి మెరుపు కనిపించే రెటినోబ్లాస్టోమాకు సూది గుచ్చితే కేన్సర్ కన్ను దాటి పాకవచ్చు. దాన్ని కంటి పరీక్షతో, స్కానింగ్‌తోనే తేలుస్తారు. తక్కిన కణితుల్లో ముక్క తీయాల్సివస్తే దానికి పదింతల ఫార్మలిన్ పోసి, మూత బిగించి, వయసు, తీసిన చోటు, సమయం రాసి పంపాలి. ఉత్త సెలైన్‌లో వదిలేసిన ముక్క చెడిపోతుంది, బిడ్డకు మళ్లీ కోత. ముక్కను నిలవబెట్టిన మైనం దిమ్మ, స్లైడ్లు అడిగిన తల్లిదండ్రులకు ఇవ్వాలి.

అరుదైన జబ్బుకు ఇంత ఏర్పాటా అంటారు. అరుదు గనుకే కావాలి. ఏళ్లకొక కేసు చూసే చోట అనుభవం రాదు, అన్నీ ఒకచోట చేరితే వస్తుంది. దూరమంటారా, ముక్క ఉన్న సీసాను పంపితే బిడ్డను ఎత్తుకుని ఊరూరా తిరిగే బాధ తగ్గుతుంది. ఆలస్యమనే మాట న్యాయమైనదే. ఊపిరాడని బిడ్డకు వైద్యుడు ముందు ప్రాణం కాపాడాలి, అందులో మాకు వాదన లేదు. తక్కినవాళ్లకు పరీక్షలో పోయేవి రోజులు. తప్పు మందుతో పోయేవి నెలలు. సంపన్న దేశాల్లో కేన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది. మందుకు ముందు పరీక్ష అన్నది మనకు తెలిసిందే: క్షయ మందుకు ముందు తెమడ పరీక్ష కావాలన్నది ఆరోగ్యవరం క్షయ శానటోరియం వెలసిన ఈ సీమకు కొత్త మాట కాదు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఆసుపత్రుల్లో ఫార్మలిన్ సీసాలు, గోడమీద ఫోనెత్తే ఒక బాధ్యుడి నంబరు ఈ ఏడాదే ఉండాలని జిల్లా వైద్యాధికారులను అడుగుతున్నాం.