ప్రవేశపరీక్షకు లక్ష్యము

మా నాదర్‌గుల్‌లో 1981వ సంవత్సరమున స్థాపింపబడిన ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగు కళాశాల యున్నది. దాని ద్వారమును దినదినము చూచు మన బాలబాలికలకు అందు ప్రవేశింపవలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరికను మేము తప్పుపట్టము. కాని ఇంటరులో చేరిన నాడే గోడమీద ‘150’ అని వ్రాసికొని, మొదటి మాదిరి పరీక్షలో 60 రాగానే పుస్తకము మూసివేయువారిని జూచి విచారించుచున్నాము. ఆ 150 ఎచటనుండి వచ్చినది? తఱచుగా పొరుగింటివాని ర్యాంకునుండియే!

ఎప్‌సెట్ ఇంజనీరింగు పరీక్షకు మార్కులు 160. అందు గణితమునకే 80. గణితమును విడిచి 150 కోరుట విత్తక పంటను కోరుటయే. పరీక్ష పలుపూటల జరుగుటచే మార్కులను సమీకరింతురు. కావున నిన్ని మార్కులకు నింత ర్యాంకని నిరుటి పట్టికను నమ్ముటయు సరికాదు.

మూడు గంటలు గడియారము నెదుట నుంచుకొని పాత ప్రశ్నపత్రమొకటి వ్రాసి, వచ్చిన మార్కులనుండియే లెక్క మొదలిడవలెనని మా యభిప్రాయము. తప్పునకు మార్కులు తగ్గింపరు గనుక ఏ ప్రశ్నను వదలరాదు. అయినను ఊహించి గుర్తించినవానిని వేఱుగ లెక్కింపవలెను. నాలుగేసి జవాబులలో కన్నులు మూసికొని గుర్తించినను సగటున 40 వచ్చును గదా! 60 వచ్చినవాడు నెలనాటికి 70 కోరుగాక. ఆ పదియు నే పాఠమునుండి రావలెనో ముందే వ్రాసికొనుగాక.

తలిదండ్రులారా, బిడ్డ పరీక్ష వ్రాసి వచ్చినపుడు పొరుగువాని మార్కులడుగకుడు. కిందటి మాఱు తనకెన్ని వచ్చినవో యడుగుడు.