బొబ్బిలి తరువాత విజయనగర సైన్యము

బొబ్బిలి యుద్ధమనగానే మన విద్యార్థులకు కోటయు, తాండ్ర పాపారాయుడును గుర్తునకు వత్తురు. 1757 జనవరి 24వ తేదీన ఆ కోటపై దాడి చేసినవారు ఫ్రెంచి సేనాని బుస్సీయు, విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజును. జంగము కథ వినువానికి ఆ రాజుగారి సైన్యము పాపారాయని కత్తికి ఎదురు నిలిచిన గుంపు మాత్రమే. తరగతిలో మనము చెప్పునదియు అంతే. కాని ఆ గుంపునకును ఒక చరిత్ర కలదు. బొబ్బిలికి తరువాతి 37 ఏండ్ల కథను విడిచి బొబ్బిలిని మాత్రమే బోధించుట సగము పాఠమని నా అభిప్రాయము.

పాపారాయుడు గుడారమున చొరబడి విజయరామరాజును చంపిన పిదప గద్దెనెక్కిన ఆనందరాజు, ఫ్రెంచివారిని విడిచి ఆంగ్లేయులను పిలిచెను. 1758 డిసెంబరులో గొల్లప్రోలు చెంత చందుర్తికడ పోరు జరిగినది. కర్నల్ ఫోర్డు వెంట ఐరోపీయులు 470 మంది, సిపాయిలు 1,900 మంది. ఆనందరాజు వెంట గుఱ్ఱపు రౌతులు 500, కాల్బలము 5,000. ఈ సంఖ్యను చూచి మురిసిపోరాదు. కొందరి చేత నాసిరకపు తుపాకులు, తక్కినవారి చేత బల్లెములు, విల్లంబులు. ఉన్న నాలుగు ఫిరంగులను పేల్చినవారు రాజు చేర్చుకొనిన నలువదిమంది ఐరోపీయులు! కంపెనీ గెలిచెను, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్టణమును దాని వశమయ్యెను.

ఇంచుమించు ఆ కాలముననే జర్మనీలో హెస్సె-కాసెల్ అను చిన్న రాజ్యము, 1776 మొదలు అమెరికాలో పోరాడుటకు తన పటాలములను ఆంగ్ల ప్రభుత్వమునకు అద్దెకిచ్చి బొక్కసము నింపుకొనెను. అచ్చట సైన్యము ఆదాయము. విజయనగరమున అది వ్యయము. 1784లో సర్క్యూట్ కమిటీ వచ్చి చూచునప్పటికి ఈ సంస్థానమున సుమారు 12,000 మంది సైనికులుండిరి. వీరిని తగ్గింపవలెనని కమిటీ తలచెను. రైతు చెల్లించిన శిస్తునుండియే సైనికునకు జీతము, కంపెనీకి పేష్కసు పోవలెను. పేష్కసు బకాయి పడెను. సైన్యమున్నంతకాలము జమీందారు రాజు; అది లేనినాడు శిస్తు వసూలు చేసి అప్పగించు గుత్తదారు. ఈ సంగతి ఇరుపక్షములవారికిని తెలియును. అందుచేత బకాయి తగవు పైకి లెక్కల తగవుగా కనిపించినను లోన అది ఆయుధముల తగవే.

1793లో కంపెనీ సంస్థానమును జప్తు చేసి, చినవిజయరామరాజును మచిలీపట్టణమునకు పొమ్మనెను. ఆయన పోలేదు. తనవారితో పద్మనాభమున విడిసెను. 1794 జూలై 10వ తేదీన కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేనతో జరిగిన పోరులో రాజు కూలెను. ఆయన చుట్టును పేరుగల క్షత్రియ వీరులు కూలిరి. కుమారుడు నారాయణబాబు పక్షమున మన్యమున కొంత అలజడి చెలరేగి, తుదకు రాజీ కుదిరినది. 1802 నాటి శాశ్వత పరిష్కారముతో సంస్థానము ఏటేట పేష్కసు చెల్లించు జమీ అయినది.

యుద్ధమే వృత్తియైనవారికి తరువాత ఏ వృత్తి దొరకినది? చరిత్రకారులు రాజులను గూర్చి వ్రాసినంతగా వీరిని గూర్చి వ్రాయలేదు. తెలుగు చెప్పుకొనువాడను గనుక నాకు మాటలలో ఒక జాడ తోచుచున్నది. సిబ్బంది అనగా ఒకప్పుడు శిస్తు వసూలునకును, కాపలాకును ఉంచిన సాయుధ బలము. బంట్రోతు ఆయుధము పట్టిన కాలిబంటు. నేడు సిబ్బంది హాజరుపట్టీలో సంతకము చేయును. బంట్రోతు ఫైళ్లు మోయును.

1713లో కట్టిన విజయనగరము కోటలో నేడు కళాశాలలున్నవి. అచ్చటి విద్యార్థులకు పద్మనాభము దూరము కాదు. కొండమీది అనంతపద్మనాభస్వామి దర్శనమునకు మనవారు పోవుచునే యున్నారు. బొబ్బిలి పాఠము చెప్పిన వారముననే ఉపాధ్యాయులు పిల్లలను అచ్చటికి కొనిపోయి, మెట్లెక్కుటకు ముందు 1794 నాటి పోరును గూర్చి ఒక అరగంట చెప్పవచ్చును.