బేరమాడాల్సింది సంతకానికి ముందే

ఏజెన్సీ ద్వారా ఐటీ కాంట్రాక్టు పనికి కుదిరేవారిలో చాలామంది రేటు గురించి గట్టిగా బేరమాడతారు. ‘క్లయింటు డబ్బిచ్చాకే మీకు చెల్లింపు’ అన్న నిబంధనను మాత్రం చదవకుండానే సంతకం పెడతారు. దాంతో పని చేసినవారి నెత్తినే మొండిబాకీ ముప్పూ పడుతుంది. ఇలా పని చేసేవారు ప్రభుత్వ ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ, చిన్న సంస్థలుగా నమోదై ఉంటే వారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం రక్షణ ఇస్తోంది: ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు మించరాదు, మించితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి.

చట్టమే ఉండగా ఒప్పందం చదవడమెందుకని అనొచ్చు. కానీ వివాదం తేలేసరికి నెలలు, ఏళ్లు గడుస్తాయి. ఇంటి అద్దె అన్నాళ్లు ఆగదు. షరతులు ప్రశ్నిస్తే అవకాశం చేజారుతుందన్న భయమూ నిజమే. అయితే చెల్లింపు తేదీని కాగితం మీద పెట్టడానికే జంకే ఏజెన్సీ, బిల్లు పంపాక ఉదారంగా ఉంటుందని నమ్మడమెలా? సంతకానికి ముందు అడిగితే బేరం, తర్వాత అడిగితే బతిమాలడం.