చుట్టూ పరీక్షల బోర్డులే.. నడుమ సర్కారు బడి! అబిడ్స్, నాంపల్లి స్కూళ్లు నిలబడాలంటే ఏం కావాలి?

హైదరాబాద్: తెలంగాణలో చదువుకు సంబంధించిన పెద్ద నిర్ణయాలు ఎక్కువగా అమలయ్యేది అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కలే. ఇంటర్ బోర్డు ఉండే విద్యాభవన్ నాంపల్లిలోనే ఉంది. టెన్త్ పరీక్షలు నడిపే ప్రభుత్వ పరీక్షల విభాగం చాపెల్ రోడ్డులో ఉంది. లక్షల మంది నిరుద్యోగులు ఆశగా చూసే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు కూడా ఎంజే రోడ్డులోనే. మరి ఇన్ని ఆఫీసుల మధ్యలో ఉన్న సర్కారు బడుల పరిస్థితి ఏంటి? ఏటా జూన్‌లో బడిబాట పేరుతో టీచర్లు ఇల్లిల్లూ తిరిగినా, పిల్లల్ని రప్పించడం ఇక్కడ ఎందుకంత కష్టమవుతోంది?

పేరున్న బడులే.. పోటీ కూడా పెద్దదే

ఈ ఏరియా సర్కారు బడులకు చరిత్ర లేదని ఎవరూ అనలేరు. గన్‌ఫౌండ్రీలోని ఆలియా స్కూల్‌కు మూలం మొదటి సాలార్‌జంగ్ హయాంలో 1870ల్లో మొదలైన మదర్సా-ఎ-ఆలియా. 1887లో నిజాం కాలేజీ ఏర్పడింది కూడా ఈ మదర్సాను, హైదరాబాద్ స్కూల్‌ను కలిపే. ఆ పక్కనే ఉన్న మహబూబియా బాలికల పాఠశాల 1907 నాటిది. ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటమే గొప్ప అనుకునే రోజుల్లో మొదలైన బడి అది.

కానీ పోటీ కూడా అదే వీధుల్లో ఉంది. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834లో, ఆల్ సెయింట్స్ 1855లో మొదలయ్యాయి. రోజరీ కాన్వెంట్, స్టాన్లీ, లిటిల్ ఫ్లవర్.. ఇలా నాలుగడుగులు వేస్తే ఒక పేరున్న ప్రైవేట్ స్కూల్ కనిపిస్తుంది. పల్లెటూళ్లో సర్కారు బడికి పోటీ బస్సెక్కి వెళ్లే ప్రైవేట్ స్కూల్‌తో. ఇక్కడ మాత్రం ఎదురు గేటుతోనే!

మూడేళ్లకే చేజారుతున్న అడ్మిషన్

అసలు సమస్య ఒకటో తరగతిలో కాదు, అంతకు ముందే మొదలవుతోంది. తల్లిదండ్రులు పిల్లాడిని మూడేళ్లకే నర్సరీలో వేస్తున్నారు. సర్కారు బడి మాత్రం చాలా ఏళ్లుగా ఒకటో తరగతితోనే మొదలవుతోంది. మధ్యలో ఉన్న అంగన్‌వాడీ వేరే శాఖ కిందకు వస్తుంది. అది చాలాచోట్ల బడి ఆవరణలో కూడా ఉండదు. ఒక్కసారి నర్సరీ ఫీజు కట్టి, యూనిఫాం కొని, ఆటో మాట్లాడుకున్న తర్వాత మళ్లీ స్కూల్ మార్చేవాళ్లు తక్కువే.

2025-26 నుంచి రాష్ట్రంలోని కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలయ్యాయి. ఇది మంచి అడుగే. అయితే సిటీ నడిబొడ్డున ఉన్న బడులకు ఇది ఎంత త్వరగా వస్తే అంత మేలు. ఎందుకంటే ఇక్కడ ఏటా ఆలస్యమయ్యే కొద్దీ ఒక బ్యాచ్ మొత్తం ఎదురు గేటులోకి వెళ్లిపోతుంది. పదేళ్ల తర్వాత హైస్కూల్లో పిల్లలు ఎందుకు లేరని అడిగితే, దానికి సమాధానం ఇవాళ నర్సరీలోనే ఉంది.

ఇంట్లో ఒక భాష.. బడిలో ఇంకో భాష

నాంపల్లి స్టేషన్ చుట్టుపక్కల బస్తీల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, తెలుగు కుటుంబాలు కలిసే ఉంటాయి. లాడ్జీలు, హోటళ్లు, గోడౌన్లలో పని కోసం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ల పిల్లలు హిందీ మాట్లాడతారు. అందుకే ఈ ఏరియాలో మీడియం అనేది చిన్న విషయం కాదు.

2022-23లో 1 నుంచి 8 తరగతుల వరకు సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తర్వాత 9, 10 తరగతులకు కూడా చేరింది. ఒక పేజీలో ఇంగ్లిష్, పక్క పేజీలో మాతృభాష ఉండేలా పుస్తకాలు ఇచ్చారు. మరోవైపు 2018 చట్టం ప్రకారం అన్ని స్కూళ్లలో తెలుగు తప్పనిసరి. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ ఇంట్లో హిందీ మాట్లాడుతూ, ఐదో తరగతిలో మొదటిసారి తెలుగు అక్షరాలు చూసే పిల్లకు ఎవరు నేర్పాలి? రోజూ ఒక పీరియడ్ అదనంగా చెప్పే టీచర్ ఉంటేనే ఆ పిల్ల నిలబడుతుంది. లేదంటే వెనక బెంచీలో కూర్చుని, ఏడో తరగతి నాటికి బడి మానేస్తుంది.

నియామక పత్రాలు పక్క గ్రౌండ్‌లోనే.. మరి ఖాళీలు?

2024 అక్టోబర్ 9న 10,006 మంది కొత్త టీచర్లకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ సభ జరిగింది ఆలియా, మహబూబియా బడులకు కూతవేటు దూరంలో ఉన్న ఎల్బీ స్టేడియంలోనే. నోటిఫికేషన్‌లో ఉన్నవి 11,062 పోస్టులు. అంటే వెయ్యికి పైగా పోస్టులు ఆ రోజుకు భర్తీ కాలేదు.

ఇందులో ఉర్దూ మీడియం చిక్కు పాతదే. రోస్టర్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు కేటాయించిన ఉర్దూ మీడియం పోస్టులకు అర్హులు దొరక్క ప్రతి డీఎస్సీలోనూ ఖాళీలు మిగులుతుంటాయి. అవి మళ్లీ వచ్చే డీఎస్సీకి పోతాయి. పిల్లలు మాత్రం వచ్చే ఏడాదికి పై తరగతికి వెళ్లిపోతారు. పోస్టు ఆగుతుంది కానీ పిల్లల వయసు ఆగదు కదా!

పథకం పేరు మారింది.. బాత్రూం సంగతి?

2022 మార్చిలో మొదలైన 'మన ఊరు - మన బడి' నగరంలో 'మన బస్తీ - మన బడి'గా వచ్చింది. మొత్తం అంచనా రూ.7,289 కోట్లు. తాగునీరు, టాయిలెట్లు, కరెంటు, ఫర్నిచర్, ప్రహరీ.. ఇలా 12 రకాల పనులు అందులో ఉన్నాయి. ప్రభుత్వం మారాక 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. రిపేర్ పనులు వీళ్ల చేతుల మీదుగానే జరగాలి.

పల్లెలో ఈ పద్ధతి బాగానే కుదురుతుంది. బడి, సంఘం, పిల్లలు అందరూ ఒకే ఊళ్లో ఉంటారు కాబట్టి. అబిడ్స్ లాంటి చోట బడి చుట్టూ ఉన్నవి షాపులు, ఆఫీసులు. పిల్లలేమో వేరే బస్తీ నుంచి వస్తారు. అప్పుడు కమిటీలో ఉన్నవాళ్ల పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది.

పారిశుధ్యం కోసం పిల్లల సంఖ్యను బట్టి నెలకు రూ.3,000 నుంచి రూ.20,000 వరకు ఇచ్చేలా ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. 30 మంది లోపు ఉంటే రూ.3,000. 750 దాటితే రూ.20,000. లెక్క సరైనదే అనిపిస్తుంది. కానీ నిజాం కాలం నాటి పెద్ద ఆవరణలో పిల్లలు తగ్గినంత మాత్రాన ఊడ్చాల్సిన వరండా తగ్గదు. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే శుభ్రత తగ్గుతుంది, అది చూసి ఇంకొందరు వెళ్లిపోతారు. ఆడపిల్లల విషయంలో అయితే టాయిలెట్ ఒక్కటే బడి మాన్పించడానికి సరిపోతుంది.

25 ఎకరాలు ఇక్కడ ఎక్కడివి?

యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లను ఒక్కోటి 20 నుంచి 25 ఎకరాల్లో కట్టాలన్నది ప్రభుత్వ ప్లాన్. నాంపల్లిలో అంత ఖాళీ స్థలం దొరకదు. ఉన్న చోటే పైకి కట్టాలి, లేదా పాత భవనాన్ని బాగు చేయాలి. అంటే సిటీ మధ్యలో ఉన్న పాత బడులకు వేరే ప్లాన్ కావాలి. సొంత ఆవరణ ఉన్న బడి ఇక్కడ ఒక ఆస్తి. పిల్లలు లేరన్న పేరుతో అది ఒక్కసారి చేజారితే మళ్లీ అంత స్థలం కొనడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

ఇంకో లోకల్ సమస్య కూడా ఉంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్. సరిగ్గా అప్పుడే టెన్త్ పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసులు. క్లాసు అయ్యేసరికి రోడ్లన్నీ జామ్. ఆడపిల్లలు చీకటి పడ్డాక ఇంటికి చేరాల్సి వస్తుంది. ఆ నెలన్నర రోజులు స్పెషల్ క్లాసులు ఉదయం పెడితే పైసా ఖర్చు లేకుండా ఈ ఇబ్బంది తీరుతుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి ఇవే..

- వయసు సర్టిఫికెట్ లేదని అడ్మిషన్ నిరాకరించకూడదు. విద్యాహక్కు చట్టం ఈ మాట స్పష్టంగా చెబుతోంది.
- జూన్ దాటిపోయినా బడిలో చేర్చుకోవాలి. పని కోసం మధ్యలో సిటీకి వచ్చిన కుటుంబాలకు ఇది ముఖ్యం.
- మధ్యలో మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన పాఠాలు ప్రత్యేకంగా చెప్పించాలి.
- ప్రైమరీలో 30 మందికి ఒక టీచర్, 6 నుంచి 8 తరగతుల్లో 35 మందికి ఒకరు ఉండాలి. తగ్గితే డిప్యూటీ ఐఓఎస్, డీఈఓ ఆఫీసుల్లో అడగొచ్చు.

ఆలియా, మహబూబియా లాంటి బడులు ఒకప్పుడు ఈ నగరానికి చదువు నేర్పాయి. ఇప్పుడు వాటి గేటు ముందు నిలబడేది ఎక్కువగా హోటల్ కార్మికుడి కొడుకు, ఇళ్లలో పనిచేసే అమ్మ కూతురు. ఎదురు గేటు ఫీజు వాళ్లకు అందేది కాదు. ఈ బడి కూడా లేకపోతే వాళ్లకు మిగిలేది రోడ్డే. విద్యాభవన్ నుంచి ఈ బడులకు నడిచి వెళ్లేంత దూరమే. అధికారులు ఆ కాస్త దూరం ఏడాదికి ఒక్కసారైనా నడిస్తే, చాలా ఫైళ్లు వాటంతట అవే కదులుతాయి.